పేరు రాయక్కర్లేని కాగితం

దొరవారిసత్రం,
8 జూలై 2025.

సుభాషిణక్కకు,

ఈ రోజు మొదటి వింత ప్రార్థన గంట కొట్టకముందే జరిగింది. హాస్టల్ గేటు ముందు ఆటో ఆగింది. నెల్లూరు కాలేజీ నుంచి సర్వేకు వస్తున్నారని ముందురోజే చెప్పారు కాబట్టి, దిగేది నువ్వేననుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. దిగింది నీ క్లాసువాళ్లు ఇద్దరు. వాళ్ల వెనక నీకోసం ఆటోలోకి తొంగి చూశాను. కాగితాల కట్ట తప్ప ఏమీ లేదు. ఎందుకు రాలేదక్కా?

ఆ కట్ట మాత్రం అసలైన వింత. పదేళ్లుగా బడికి పోతున్నాను, మార్కులు లేని ప్రశ్నపత్రం ఇంతవరకు చూడలేదు. తప్పు జవాబు కూడా లేదట. పేరు రాయక్కర్లేదట. ఒక్కొక్కరికీ ఒక నంబరు చీటీ. గత రెండు వారాల్లో నిద్ర పట్టిందా, ఆకలి వేసిందా, దిగులు పుట్టిందా అని అడిగి, కింద నాలుగు గళ్లు: అసలు లేదు, కొన్ని రోజులు, సగం రోజులు, దాదాపు రోజూ.

నీ క్లాసువాళ్లు హాల్లోకి రాకముందు వార్డెన్ మేడం మా ముందు నిలబడి చెప్పింది. "ఉండేదే రాయండి. లేనిపోనివి రాసి హాస్టలు పరువు తీయబాకండి. పెంచలమ్మ సంగతి మరిచిపోయినారా?" పెంచలమ్మ నీకు తెలియదు. పోయిన ఏడాది మా పై తరగతి. కారణం లేకుండా క్లాసులో ఏడ్చేది. వాళ్లవాళ్లను పిలిపించి టీసీ చేతిలో పెట్టారు. ఊళ్లో గాలి సోకిందన్నారట, తాయెత్తు కట్టించారట. తర్వాత ఏ బళ్లోనూ చేరలేదు. మేడం ఆ పేరు ఎత్తగానే అరవై రెండు మందిమీ గోడల్లా అయిపోయాం.

ఆ ఫారంలో నాకు నచ్చిన మాటొకటి ఉంది, నిరాసక్తత. నోట్సులో రాసుకున్నాను. దేనిమీదా మనసు పోకపోవడమని నేనే అర్థం చెప్పుకున్నాను. చాలామందికి అలాంటి మాటలు అర్థం కాలేదు. నా పక్క మంచం సాయిలక్ష్మి గుర్తుందా? చిట్టమూరు దగ్గర పల్లె, వాళ్ల నాయన చెంచురామయ్య వరి పండిస్తాడు, నువ్వు పోయిన దసరాకు చూశావు. తను పెన్ను మూత కూడా తీయలేదు. కొందరికి నేను సాయం చేశాను.

ఒక సందేహం. ఆ కాగితాలను ఒక్కొక్కటీ చదువుతారా, ఊరికే లెక్క వేస్తారా?

నీ చెల్లెలు,
దుర్గ


నెల్లూరు,
17 జూలై 2025.

దుర్గా,

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. హాస్టల్లో ఫోను ఉండనివ్వకపోవడం నాకు మేలే చేసింది, లేకపోతే నువ్వు ఇంత పొడుగు వాక్యాలు ఎప్పుడు రాసేదానివి?

నేను రాకపోవడానికి కారణముంది. సొంతవాళ్లున్న బడికి మేం పోకూడదు. అక్కను చూసి చెల్లెలు జవాబు మార్చుకుంటుందని మా గైడ్ మేడం నియమం. నా పని ఇక్కడ కూర్చుని ఫారాలను కంప్యూటర్లోకి ఎక్కించడం. పన్నెండు బడులు, ఏడువందల చిల్లర పిల్లలు. ఈ తీరంలో నీ వయసు పిల్లల్లో ఎంతమందికి మనసు బాగోలేదో ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్క లేకపోతే డాక్టరునివ్వమని అడగలేం, ఎంతమందికి అని తిరిగి అడుగుతారు. మా మేడం మొదటిరోజే చెప్పిన మాట ఇది.

ఒక్కొక్కటీ చదువుతాం. ముఖ్యంగా చివరి ప్రశ్న, చనిపోవాలనిపించిందా అనేది. దానికి 'అసలు లేదు' తప్ప ఇంకే గడిలో టిక్కు ఉన్నా, మేడం దగ్గరుండే సీలు కవరు విప్పుతారు. నంబరుకు పేరు అందులోనే దొరుకుతుంది. వారం తిరక్కుండా మేడమే ఏదో పని మీద వచ్చినట్టు వచ్చి, ఆ పిల్లతో విడిగా మాట్లాడుతుంది. ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆ ఒక్క టిక్కు నిజం కావాలి. మిగతావి తప్పయినా లెక్క తప్పుతుంది, అంతే.

మీ హాస్టల్ కట్ట ఇంకా విప్పలేదు.

సాయం చేశానన్నావు. మాటలకు అర్థం చెప్పావనే అనుకుంటున్నాను.

అక్క


దొరవారిసత్రం,
31 జూలై 2025.

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. యూనిట్ పరీక్షలని చెప్పుకుంటున్నాను కానీ, రాయబుద్ధి కాలేదు.

నిన్న సాయంత్రం శ్రీహరికోటలో రాకెట్టు వదిలారు. కిటికీ రెక్కలు గడగడలాడాయి, పళ్లేలు బల్లమీద నడిచాయి. అందరం మేడమీదికి పరుగెత్తాం. ప్రతిసారీ చూసేదే, అయినా ప్రతిసారీ పరుగెత్తుతాం. సాయిలక్ష్మి రాలేదు. కిందికి వచ్చి చూస్తే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. రాకెట్టు చూడలేదేమ్మే అంటే, "ఏ రాకెట్టు?" అంది.

ఇల్లు అదిరిపోయే శబ్దం తనకు వినపడలేదా అక్కా?

మొన్న ఆదివారం వాళ్ల నాయన బొరుగులు, బెల్లం తెచ్చాడు. ఆయన ఎదురుగా నవ్వుతూ తిన్నది. ఆయన గేటు దాటగానే మొత్తం నా మంచం మీద పెట్టేసింది. ఇంట్లో గొడవేమైనా ఉందా అంటే లేదంది. ఎవరైనా ఏమైనా అన్నారా అంటే లేదంది. దేనికీ కారణం లేదు. అదే నాకు భయంగా ఉంది. కారణముంటే దాని గురించైనా మాట్లాడుకునేవాళ్లం.

ఒకటి అడుగుతాను, ఎవరి కోసమని అడగవద్దు. ఒకరు ఫారంలో ఒక గడి కొట్టబోయి ఇంకొకటి కొట్టారనుకో. తర్వాత మార్చుకోవచ్చా? మారిస్తే మా హాస్టలుకు తెలిసిపోతుందా? టీసీ ఇస్తారా?

దుర్గ


నెల్లూరు,
9 ఆగస్టు 2025.

దుర్గా,

సంతోషంగా మొదలుపెట్టాను ఈ ఉత్తరం. మీ హాస్టల్ కట్ట విప్పాం. వేరే బళ్లలో అరవై మందిలో ఏడుగురో ఎనమండుగురో చివరి ప్రశ్నకు ఏదో ఒక గడి కొట్టారు. మీ దగ్గర ఒక్కరూ లేరు. మేడం కళ్లద్దాలు తుడుచుకుని రెండోసారి చూసింది. మా పులికాటు పిల్లలకు గుండె గట్టిదండీ అని నేను గొప్పగా చెప్పుకున్నాను కూడా.

తర్వాత మధ్యాహ్నం అన్నం మధ్యలోనే లేచి ఆ కట్ట మళ్లీ ముందేసుకున్నాను.

అందులో, నీదై ఉండే ఒకటి పక్కన పెట్టినా, పదకొండు ఫారాల్లో టిక్కుకు పొడుగాటి తోక ఉంది, చివర పైకి తిరిగి. అందరూ నీలం పెన్నుతో రాస్తే ఈ పదకొండూ ఒకే నల్ల ఇంకు. ఆ తోక టిక్కులు నువ్వు మూడో తరగతిలో పలక మీద పెట్టడం నేను చూశాను. మీ మేడం ఏ ఫారం వచ్చినా నీ చేతికే ఇస్తుందని, నీ రాత ముత్యాల్లా ఉంటుందని చిన్నాన్న మన జాలర్ల కుప్పంలో అందరికీ చెప్పుకుంటాడు.

అడిగినదానికి జవాబు: మార్చుకోవచ్చు. ఎప్పుడైనా. టీసీకీ దీనికీ సంబంధం లేదు.

ఇప్పుడు నేనడుగుతున్నాను. ఆ పదకొండూ ఎవరు నింపారు?

అక్క


దొరవారిసత్రం,
14 ఆగస్టు 2025.

అక్కకు,

రేపు జెండా పండుగ. నేను ఉపన్యాసం ఇస్తున్నాను. నాలుగు పేజీలు రాసుకుని బట్టీపట్టాను. తెలుగు మాస్టారు రెండు మాటలు మాత్రమే దిద్దాడు. కవాతు సాధనలో ఎండకు ఇద్దరు పడిపోయారు. ఈ వారం గుడ్లు సరిగా రాలేదు, వంటమ్మ కామమ్మ ఒక గుడ్డును రెండు ముక్కలు చేసి పెడుతోంది.

సాయిలక్ష్మి బాగానే ఉంది. ఈ మధ్య అందరితో మంచిగా ఉంటోంది కూడా. తన రంగు పెన్సిళ్లు ఆరో తరగతి పిల్లలకు పంచిపెట్టింది. సంక్రాంతికి కుట్టించుకున్న పట్టుపావడా మడిచి నా పెట్టెలో పెట్టింది. నాకెందుకంటే, "నాకింక అక్కర్లేదులేమ్మే, నీకు బాగుంటాది," అంది. కొత్తది కుట్టిస్తున్నారేమో.

ఆ పదకొండు ఫారాల సంగతి నాకు తెలియదు.

దుర్గ


నెల్లూరు,
20 ఆగస్టు 2025.

దుర్గా,

ఇది పోస్టులో వేయడం లేదు. సూళ్లూరుపేట బస్సు కండక్టరు హజరత్తయ్య గారు మీ కామమ్మకు మరిది కదా, ఆయన చేతికిస్తున్నాను. మీ దగ్గర బస్సు ఆగినప్పుడు కామమ్మకు అందిస్తాడు. నువ్వు కూడా అలాగే రేపటి బస్సుకు జవాబు ఇవ్వు.

పెన్సిళ్లు పంచిపెట్టిందని, పావడా ఇచ్చేసిందని రాశావు. తమ వస్తువులు ఇలా ఇచ్చేయడం అంటే ఏమనుకోవాలో మాకు క్లాసులో చెప్పారు. దిగులుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి నెమ్మదిస్తే ఊరట పడవద్దని కూడా చెప్పారు. ఆ రోజు పాఠం రాసుకున్నాను, పరీక్షలో బాగా రాశాను. నీ ఉత్తరం చదివి అర్థమయ్యేసరికి మాత్రం ఒక రాత్రి గడిచిపోయింది.

మేడం చెన్నై పోయింది, రేపు రాత్రికి వస్తుంది. ఆమెకు ఎలాగూ చెబుతాను. కానీ ఏం చెప్పాలో నీ దగ్గరే ఉంది. నీమీద నాకు కోపం లేదు. నీకు తెలియదని ఇంకొకసారి రాయవద్దు. సాయిలక్ష్మి ఫారం నువ్వు నింపావా? చివరి ప్రశ్నకు తను ఏమని చెప్పింది?

అక్క


దొరవారిసత్రం,
21 ఆగస్టు 2025.

అక్కా,

నేనే నింపాను. పదకొండూ.

స్కాలర్‌షిప్పు ఫారాలు, బ్యాంకు ఫారాలు నేనే నింపుతానని నీకు తెలుసు. ఆ రోజూ అందరూ అలవాటుగా నా వైపు తోశారు. నీ క్లాసువాళ్లు మా జవాబులు చూడకూడదని గోడవైపు తిరిగి కూర్చున్నారు, అందుకే వాళ్లకు కనపడలేదు. నేను ప్రశ్న చదివి, అర్థం చెప్పి, వాళ్లు చెప్పింది కొట్టాను. మనసులో పొంగిపోతూ చేశాను. పెద్ద పెద్ద మాటలకు నేను అర్థాలు చెబుతుంటే వాళ్లు తలలూపుతున్నారు.

సాయిలక్ష్మి అన్నిటికీ సన్నగా చెబుతూ వచ్చింది. చివరిదానికి వచ్చాను. బతకడం కంటే చనిపోతే మేలని అనిపించిందా అని చదివాను. లేదని చెబుతుందనుకుని పెన్ను ముందే ఆ గడి మీద పెట్టాను.

"రోజూ అనిపిస్తాది," అంది. కొంచెం ఆగి, "నాయన వచ్చే ఆదివారం గూడా," అంది.

నేను తల ఎత్తలేదు. వార్డెన్ మేడం తలుపు దగ్గరే ఉంది. పెంచలమ్మ ట్రంకుపెట్టె ఆటోలో పెట్టిన రోజు కళ్లముందు కదిలింది. నేను 'రోజూ' అని కొడితే సాయిలక్ష్మిని కూడా పంపించేస్తారు, టెన్త్ పోతుంది, ఊళ్లో తాయెత్తు కడతారు అనుకున్నాను. 'అసలు లేదు' అని కొట్టాను. తను చూసింది.

తర్వాత సీలు కవరు సంగతి నువ్వు రాశావు. ఆ రోజు నేను నిజం కొట్టి ఉంటే మీ మేడం ఎప్పుడో వచ్చి ఉండేది. వారం తిరక్కుండా అని రాశావు. ఆరు వారాలైంది. రోజూ పొద్దున లేవగానే ముందు పక్క మంచం వైపు చూస్తున్నాను. దుప్పటి కదిలితేనే నేను లేస్తున్నాను.

మిగతా పదిమందివి వాళ్లు చెప్పినట్టే కొట్టాను. కానీ మేడం బెదిరించాక వాళ్లు నిజం చెప్పారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నేనేం చేయాలక్కా? చెబితే పంపించేస్తారు. చెప్పకపోతే

కామమ్మ పిలుస్తోంది, బస్సు వచ్చే వేళయింది.

దుర్గ


నెల్లూరు,
22 ఆగస్టు 2025, పొద్దున.

దుర్గా,

రాత్రి మేడం రైలు దిగగానే స్టేషన్లోనే నీ ఉత్తరం చూపించాను. ఈ రోజే ఆమె మీ వార్డెన్‌కు ఫోను చేస్తుంది. భయపడకు. నువ్వు చెప్పావన్నది దాచలేం, కానీ నిన్ను తిట్టకుండా చూసే పూచీ మేడానిది.

మేడం నీకు చెప్పమన్నవి రాస్తున్నాను. ఈ రోజంతా సాయిలక్ష్మిని ఒంటరిగా వదలవద్దు. స్నానానికి పోయినా తలుపు బయట నిలబడు, మాట్లాడిస్తూ ఉండు. సూటిగా అడుగు. చనిపోవాలని ఇప్పటికీ ఉందా అని, ఆ మాటతోనే అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరం అనుకుంటాం. పుట్టదట. ఎవరో ఒకరు అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుందట. ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వేయకు. ఇప్పటికే చెప్పానని చెప్పెయ్. తిడితే పడు. మంచి మాటలు చెప్పి ఒప్పించాలని చూడకు, విను.

ఇంకొకటి, ఇది మేడం చెప్పమన్నది కాదు. తోక టిక్కులు నేను మొదట చూసింది నీకు రాసిన రోజు కాదు, జూలై ఆఖరులోనే. చూసి, ఎవరికీ చెప్పలేదు. మీ హాస్టల్ లెక్క అంత బాగుంటే నాకు ముచ్చటేసింది. నువ్వు చేసిన పని బయటపడితే నా ఫారాలు పారేస్తారనీ అనుకున్నాను. నువ్వు భయంతో దాచావు. నేను మంచి లెక్క కోసం దాచాను. రాత్రి ప్లాట్‌ఫారం మీద ఇది కూడా మేడానికి చెప్పాను.

జవాబు సాయంత్రం బస్సుకు ఇవ్వు.

అక్క


దొరవారిసత్రం,
22 ఆగస్టు 2025, సాయంత్రం.

అక్కా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. రేపు నిన్ను చూసినప్పుడు సాయిలక్ష్మి ముందు ఇవేవీ చెప్పలేను.

నీ ఉత్తరం పదకొండింటికి అందింది. అన్నాలప్పుడు పళ్లేలు కడిగే కొళాయిల దగ్గర అడిగాను. ఆ మాటతోనే అడిగాను. తను పళ్లెం కడుగుతూనే ఉంది. కడిగిన పళ్లెమే మళ్లీ కడిగింది.

"నేను చెప్తే నువ్వు లేదని కొట్టినావు గదా," అంది. "అందుకని అది ఎవురికీ చెప్పగూడని మాట అనుకున్నా. మళ్లీ చెప్పలా."

తప్పు చేశానన్నాను. మా అక్కకు చెప్పేశానని, వార్డెన్ మేడానికి ఫోను వస్తుందని చెప్పాను. పళ్లెం తొట్టిలోకి విసిరేసింది. నన్ను పంపిచ్చేస్తారు, అదే నువ్వు కోరుకున్నావు అంది. గంటసేపు నా మొహం చూడలేదు. నేను మాత్రం రెండడుగుల దూరంలోనే ఉన్నాను. గణితం క్లాసులో కూడా తన బెంచీకే మారాను.

మూడింటికి వార్డెన్ మేడం నన్ను గదిలోకి పిలిచింది. సాయిలక్ష్మి దగ్గర కామమ్మను కూర్చోబెట్టి వెళ్లాను. మేడం తలుపు వేసింది. నాకు టీసీయే అనుకున్నాను. ఎన్నాళ్లుగా తెలుసని అడిగింది. నలభై అయిదు రోజులన్నాను. కుర్చీలో కూలబడింది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"పెంచలమ్మను పంపిచ్చినకాడ్నించి ఇంకోపిల్ల అట్లా వస్తే ఏం చేయాల్నో నాకు తెలీలేదే," అంది. "నా చెవిన పడకుండా ఉండాలనే ఆ రోజు మిమ్మల్ని బెదిరించినా. నాకు బయమే, దుర్గా."

చివరిదాకా విన్నాను. నువ్వు వినమన్నావు కదా.

తర్వాత ఆవిడే లేచి వెళ్లి సాయిలక్ష్మి మంచం మీద కూర్చుంది. నిన్ను ఎక్కడికీ పంపడం లేదు, టీసీ రాయను, పరీక్ష ఇక్కడే రాస్తావు అని మూడుసార్లు చెప్పింది. మూడోసారికి సాయిలక్ష్మి ఏడ్చింది. ఆరు వారాల్లో తను ఏడవడం నేను చూడలేదు. ఆ ఏడుపుకు కూడా నాకు భయమే వేసింది, కానీ మేడం భయపడవద్దన్నట్టు చేయి ఎత్తింది.

సాయిలక్ష్మి నాయన చెంచురామయ్యకు మా ముందే ఫోను చేసింది. జ్వరమని చెబుతుందేమో అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన, "మా పాప అన్నం తినిందా అమ్మా?" అని అడిగాడు. తాయెత్తు మాట ఎత్తుతాడని మేడం చూస్తున్నట్టుంది. ఎత్తలేదు. ఎన్నింటికి ఎక్కడ ఉండాలో చెప్పమన్నాడు.

ఇంకా అంతా బాగైపోలేదు అక్కా. ఇప్పుడు కూడా తను గోడవైపే తిరిగి ఉంది. నెల్లూరు డాక్టరు ఏమంటాడో, మందులు ఇస్తాడో, ఊళ్లో ఎవరికి తెలుస్తుందో అనే ఆలోచిస్తున్నాను. మీ మేడం మా అరవై రెండు మందికీ కొత్త ఫారాలు పంపుతానందట. ఈసారి ఎవరిది వాళ్లే, వార్డెన్ మేడం హాల్లో ఉండదట. అప్పుడెంతమంది ఏ గడి కొడతారో తలుచుకుంటే అదీ భయమే.

రేపటి సంగతి. పొద్దున ఆరింటి నెల్లూరు బస్సు. వార్డెన్ మేడం, సాయిలక్ష్మి, నేను. సాయిలక్ష్మి మా ఇద్దరి మధ్య కూర్చుంటుంది. వాళ్ల నాయన చిట్టమూరు నుంచి తెల్లారకముందే బయల్దేరి నాయుడుపేటలో మా బస్సు ఎక్కుతాడు, అప్పటిదాకా ఆయనకు సీటు పట్టి ఉంచాలి. నువ్వూ మీ మేడం తొమ్మిదింటికి నెల్లూరు బస్టాండులో ఉండండి. అక్కడినుంచి ఆసుపత్రికి అందరం కలిసే పోదాం. మేడం ఇప్పుడే మళ్లీ చెప్పి వెళ్లింది, అన్నీ రాసుకున్నాను.

ఈ కాగితం మడవబోతుంటే సాయిలక్ష్మి ఇటు తిరిగింది. ఎన్నింటికి లేవాలని అడిగింది. ఐదింటికన్నాను.

"నన్ను నువ్వే లేపు," అంది. "మర్చిపోబాక."

ఐదింటికి లేపుతాను.

దుర్గ